మస్టాంగ్ నిజంగా మోటుదా? అమెరికన్ కూపేల నాజూకు గురించి ఒక సస్పెన్షన్ ఇంజనీరు సమాధానం

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటాను. మీరు డాలస్ దగ్గర ఉంటున్నారు, ఉద్యోగానికి రోజూ నలభై మైళ్లు నడపాలి, ఈసారి రెండు తలుపుల కూపేనే కొనాలని నిశ్చయించుకున్నారు. ఫోర్డ్ మస్టాంగ్ జీటీకి పెట్టే డబ్బుకు కాస్త అటూ ఇటుగా బీఎమ్‌డబ్ల్యూలో 430ఐ వస్తుంది. మస్టాంగ్‌లో అయిదు లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్, 480 హార్స్‌పవర్ ఉంటే, బీఎమ్‌డబ్ల్యూలో రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో ఇంజిన్, 255 హార్స్‌పవర్ ఉన్నాయి. శక్తిలో ఇంత తేడా కనబడుతున్నా మీ మిత్రులందరూ అమెరికన్ కారు మోటుగా ఉంటుందనీ, జర్మన్ కారు నాజూకే వేరనీ అంటున్నారు. అది నిజమా, నిజమైతే అమెరికన్ కంపెనీలు ఇన్ని దశాబ్దాలుగా ఈ పోటీలో ఎలా నిలబడ్డాయి అన్నది మీ సందేహం.

నేను మిషిగన్‌లో ఇరవై రెండేళ్లుగా కార్ల సస్పెన్షన్ భాగాల మీద, అందులోనూ ఎక్కువ కాలం రబ్బరు బుష్‌ల మీద పనిచేస్తున్నాను. మీ మిత్రుల మాటలో పదిహేనేళ్ల కిందటి నిజం ఉంది, నేటి నిజం సగమే ఉంది. నాజూకు అనేది జర్మన్ల చేతుల్లో పుట్టుకతో ఉన్న విద్య కాదు; కారు తయారీలో డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టారన్నదాని మీదే అది ఆధారపడుతుంది. అమెరికన్ కూపేలకు మొదటినుంచీ ధర అనే పైకప్పు ఒకటి ఉంది. ఆ పైకప్పు కింద ఉంటూనే డబ్బును కారు అడుగుభాగాన ఖర్చు పెట్టినప్పుడల్లా అవి విదేశీ కార్లకు గట్టి పోటీ ఇచ్చాయి. పైకప్పును దాటినప్పుడు గానీ, ఉన్న డబ్బంతా ఇంజిన్‌కే పోసినప్పుడు గానీ వెనకబడ్డాయి.

నాజూకు అంటే అసలేమిటో ముందు తేల్చుకుందాం. కొనేవారికి అది తోలు సీటులోనూ, తలుపు మూసినప్పుడు వచ్చే శబ్దంలోనూ కనిపిస్తుంది. మా పనిలో ఉన్నవారికి అది శబ్దం, కంపనం, కుదుపు అనే మూడింటి లెక్క. చక్రం గుంతలో పడ్డప్పుడు ఆ దెబ్బ చక్రం నుంచి సస్పెన్షన్ చేతులకు, అక్కడి నుంచి ఆ చేతులను బిగించే సబ్‌ఫ్రేమ్ అనే చట్రానికి, చివరకు కారు బాడీకి చేరుతుంది. ఈ దారిలో ప్రతి కీలు దగ్గరా ఒక బుష్ ఉంటుంది. నా బల్ల మీద పిడికిలంత బుష్ ఒకటి నిలువునా రెండుగా కోసి పెట్టుకున్నాను. బయట ఉక్కు గొట్టం, మధ్యలో అల్యూమినియం గుండె, ఆ రెండింటి నడుమ నల్లటి రబ్బరు, ఆ రబ్బరులో రెండు చిన్న అరలు, వాటిని కలుపుతూ సన్నటి కాలువ కనిపిస్తాయి. కోయకముందు ఆ అరల్లో ద్రవం ఉండేది. చక్రం అదిరినప్పుడు ఆ ద్రవం ఒక అరలోంచి రెండో అరలోకి కాలువగుండా పారుతూ అదురును తనలోనే అణచివేస్తుంది. ఇలాంటిది పెట్టాల్సిన చోట మామూలు రబ్బరు ముక్క పెట్టినా కారు నడుస్తుంది, ధరా తగ్గుతుంది. కానీ రబ్బరు మెత్తగా ఉంటే స్టీరింగ్ తిప్పినప్పుడు కారు ఒక క్షణం ఆలస్యంగా తిరుగుతుంది, గట్టిగా ఉంటే ప్రతి గులకరాయీ మీ నడుముకు తెలుస్తుంది. ఈ రెండింటి మధ్య సరైన చోటును వెతకడానికి ఇంజనీర్లు వెచ్చించే నెలల కాలమే మీ మిత్రులు నాజూకు అంటున్న గుణం. అది ప్రచారపత్రంలో ఒక అంకెగా కనిపించదు, హార్స్‌పవర్ కనిపిస్తుంది. తక్కువ ధరకు అమ్మే కంపెనీ కనిపించేదాని మీదే డబ్బు పెట్టడం సహజం.

మస్టాంగ్ పుట్టుకే ఆ లెక్క మీద జరిగింది. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డ్ దాన్ని విడుదల చేసినప్పుడు ప్రారంభ ధర 2,368 డాలర్లు. పొడవాటి బానెట్, పొట్టి డిక్కీ, అందమైన బాడీ. వాటి కింద ఉన్నది మాత్రం చాలావరకు ఫాల్కన్ అనే సామాన్య కుటుంబ కారు యంత్రాంగమే. అయినా మొదటి ఏడాదిలోనే నాలుగు లక్షలకు పైగా అమ్ముడైంది. అందులో మోసమేమీ లేదు. ఆ ధరకు అంత అందాన్ని, వీ8 ఇంజిన్ పెట్టుకునే వెసులుబాటును అప్పట్లో ఇంకెవ్వరూ ఇవ్వలేదు. షెవర్లే కమారో, ఆ తర్వాత డాడ్జ్ ఛాలెంజర్ కూడా ఇదే దారిలో వచ్చాయి.

అసలైన సవాలు యూరప్ నుంచి కాక జపాన్ నుంచి వచ్చిందని నా అభిప్రాయం. 1970 మోడల్‌గా అమెరికాలో అడుగుపెట్టిన డాట్సన్ 240జెడ్ ధర 3,526 డాలర్లు. అందులో కవాటాలను తెరిచే క్యామ్ షాఫ్ట్ సిలిండర్ల తలమీదే ఉన్న (ఓవర్‌హెడ్ క్యామ్) ఆరు సిలిండర్ల ఇంజిన్, నాలుగు చక్రాలకూ దేనికదే స్వతంత్ర సస్పెన్షన్ ఉన్నాయి. జాగ్వార్ ఈ-టైప్ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు కన్నా ఎంతో తక్కువ ధరకు ఆ తరహా అడుగుభాగం దొరుకుతుందని అమెరికన్ కొనుగోలుదారు మొదటిసారి చూశాడు. ఆ తర్వాత 1973 చమురు సంక్షోభం, పొగ నియంత్రణ చట్టాలు వచ్చి అమెరికన్ ఇంజిన్ల బలం పడిపోయింది. 1974లో వచ్చిన మస్టాంగ్ 2లో మొదటి ఏడాది వీ8 అసలే లేదు. ఆ దశాబ్దం గురించి ఇంతకుమించి చెప్పుకోవలసింది పెద్దగా లేదు.

1984 నుంచి 1986 వరకు ఫోర్డ్ అమ్మిన మస్టాంగ్ ఎస్‌వీఓ గురించి మాత్రం మీరు తప్పక తెలుసుకోవాలి, ఎందుకంటే మీ ప్రశ్నకు జవాబు ఆనాడే చాలావరకు తేలిపోయింది. యూరప్ కార్లతో వాటి పద్ధతిలోనే తలపడదామని ఫోర్డ్‌లోని ఒక చిన్న బృందం దాన్ని తయారుచేసింది. వీ8కి బదులు 2.3 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో ఇంజిన్, దానిలోకి వెళ్లే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, కోనీ కంపెనీ షాక్ అబ్జార్బర్లు పెట్టారు. మొదట్లో 175 హార్స్‌పవర్. మలుపుల్లో అది మామూలు మస్టాంగ్ కన్నా ఎంతో మర్యాదగా నడిచేది. కానీ ధర వీ8 ఉన్న జీటీ కన్నా వేల డాలర్లు ఎక్కువ. మస్టాంగ్ కొనేవారికి ఆ ధర అన్యాయమనిపించింది, యూరప్ కార్లు కొనేవారికి బానెట్ మీది ఫోర్డ్ పేరు ఆనలేదు. మూడేళ్లలో అమ్ముడైనవి పదివేలకు లోపే. మంచి ఇంజనీరింగ్ చేసి ధర అనే పైకప్పును దాటితే ఏమవుతుందో ఎస్‌వీఓ చూపించింది. అందులో పనిచేసినవారి శ్రమ మీద నాకెంతో గౌరవం ఉంది, ఆ కారు కనబడితే ఇప్పటికీ ఆగి చూస్తాను.

అదే కాలంలో మస్టాంగ్‌నే తీసేసి, ఆ స్థానంలో మాజ్దా అడుగుభాగం మీద కట్టిన, ముందు చక్రాలు లాగే కూపేను తేవాలని ఫోర్డ్ ఆలోచించింది. వార్త బయటికి పొక్కగానే అభిమానులు ఉత్తరాలతో ముంచెత్తారు. చివరకు మస్టాంగ్ బతికింది, ఆ కొత్త కారు ప్రోబ్ అనే పేరుతో విడిగా వచ్చింది. ప్రోబ్‌ను కట్టింది మిషిగన్‌లోని ఫ్లాట్ రాక్‌లో, అప్పట్లో మాజ్దా నడిపిన కర్మాగారంలో. ఈరోజు మస్టాంగ్ తయారయ్యేది ఆ ఫ్లాట్ రాక్‌లోనే. ఆ దారిన వెళ్లినప్పుడల్లా, ఆనాడు ఆ ఉత్తరాలు రాయకపోయి ఉంటే మనం ఈ చర్చే చేసుకునేవాళ్లం కాదనిపిస్తుంది.

తొంభైల్లో జపాన్ కార్లు నాజూకులో శిఖరానికి చేరాయి. నిస్సాన్ 300జెడ్‌ఎక్స్, మాజ్దా ఆర్‌ఎక్స్-7, 320 హార్స్‌పవర్ టయోటా సుప్రా టర్బో, వీటిలో దేని ముందైనా అప్పటి మస్టాంగ్ నిజంగానే మోటుగా ఉండేది. కానీ యెన్ విలువ పెరిగి సుప్రా టర్బో నలభై వేల డాలర్లకు చేరితే, మస్టాంగ్ జీటీ అందులో సగానికే దొరికేది. 1995లో ఆర్‌ఎక్స్-7, 1996లో 300జెడ్‌ఎక్స్, 1998లో సుప్రా ఒకదాని తర్వాత ఒకటి అమెరికా మార్కెట్టును వదిలి వెళ్లాయి. మోటుదైన మస్టాంగ్ మాత్రం నిలబడింది.

ఇక మీ మిత్రుల అభిప్రాయానికి అసలు మూలమైన లైవ్ యాక్సిల్ సంగతికి వస్తాను. ఎడ్లబండి చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి కనుక ఒక చక్రం గాడిలో దిగితే రెండోది కూడా ఒరుగుతుంది. మస్టాంగ్ వెనక భాగం దాదాపు 2014 మోడల్ వరకు ఇలాగే ఉండేది. 1999 నుంచి 2004 వరకు కోబ్రా అనే ప్రత్యేక రకానికి మాత్రం స్వతంత్ర సస్పెన్షన్ ఇచ్చారు. పైగా ఇరుసు మధ్యలో ఉండే బరువైన డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) కూడా చక్రాలతోపాటే పైకీ కిందికీ ఊగుతుంది. అంత బరువును షాక్ అబ్జార్బర్ అదుపు చేయాలంటే కష్టం. నునుపైన రోడ్డు మీద తేడా తెలియదు. కానీ మలుపు మధ్యలో గుంత వస్తే వెనకభాగం అంతా ఒక్కసారి పక్కకు జరుగుతుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మార్చి నెలలో మంచు కరిగి రోడ్లు చిల్లులు పడ్డ రోజుల్లో, ఒక మిత్రుడి లైవ్ యాక్సిల్ కూపేను ఎడమ మలుపులో నడుపుతూ అలాంటి గుంత ఎక్కించాను. కారు అరచేయి వెడల్పు పక్కకు గెంతి మళ్లీ నిలదొక్కుకుంది. ప్రమాదమేమీ జరగలేదు కానీ, ఆ మలుపులో స్టీరింగ్‌ను ఎంత గట్టిగా పట్టుకున్నానో చేతులకు ఇంకా జ్ఞాపకం ఉంది.

మరి అంతకాలం దాన్ని ఎందుకు ఉంచారని మీరు అడగవచ్చు. ఖర్చు ఒక కారణం. రెండో కారణం కొనేవారే. పావుమైలు డ్రాగ్ రేసుల్లో ఆగివున్న చోటు నుంచి ఒక్కసారిగా దూకించేటప్పుడు లైవ్ యాక్సిల్ మొండిగా పనిచేస్తుంది. స్వతంత్ర సస్పెన్షన్‌లో బుష్‌లు మెత్తగా ఉంటే చక్రాలు గంతులు వేస్తాయి, ఒక్కోసారి యాక్సిల్ షాఫ్టులు విరుగుతాయి. కోబ్రా కొన్నవారిలో కొందరు ఆ స్వతంత్ర సస్పెన్షన్‌ను ఊడదీసి పాత ఇరుసును తిరిగి బిగించుకున్నారు కూడా. మోటుదనమని బయటివారు అనుకున్నది లోపలివారికి ఒక అవసరం తీర్చే గుణం అన్నమాట.

ఆ పాత ఇరుసుతోనే ఎంత దూరం వెళ్లవచ్చో 2012 మోడల్ బాస్ 302 చూపించింది. బీఎమ్‌డబ్ల్యూ ఎం3ని లగూనా సెకా ట్రాక్ మీద ఓడించడమే తమ లక్ష్యమని ఫోర్డ్ ఇంజనీర్లు బాహాటంగా చెప్పారు. అప్పటి ఎం3లో 8,000 ఆర్‌పీఎం దాటి తిరిగే నాలుగు లీటర్ల వీ8, 414 హార్స్‌పవర్. బాస్‌లో అయిదు లీటర్ల వీ8, 444 హార్స్‌పవర్. ధర ఎం3 కన్నా దాదాపు మూడోవంతు తక్కువ. ట్రాక్ మీద అది ఎం3కి సరిసాటిగా నిలిచింది. ఒక మిత్రుడి బాస్ 302ను మా దగ్గరి వాటర్‌ఫర్డ్ హిల్స్ ట్రాక్‌లో చాలాసార్లు దగ్గరగా చూశాను. ఎం3లో షాక్ అబ్జార్బర్ల గట్టిదనం మార్చాలంటే లోపల కూర్చుని బటన్ నొక్కితే సరిపోయేది. బాస్‌లో దిగి, బానెట్ తెరిచి, తర్వాత డిక్కీ తెరిచి, ఒక్కొక్క షాక్ అబ్జార్బర్ తలమీద ఉన్న మరను స్క్రూడ్రైవర్‌తో ఒకటి నుంచి అయిదు వరకు తిప్పాలి. ఆయన గ్లవ్ బాక్సులో స్క్రూడ్రైవర్ ఎప్పుడూ ఉండేది. ట్రాక్‌లో అయిదు మీద పెట్టి, ఇంటికి వెళ్లేముందు రెండుకు తగ్గించేవారు. మోటార్లు, తీగలు, బటన్లు తీసేసి మిగిల్చిన డబ్బును మంచి షాక్ అబ్జార్బర్ మీదనే పెట్టారు. నేను ఈ పోటీలో మెచ్చుకునే తెలివి అదే. అయితే ట్రాక్ నున్నగా ఉంటుంది, మన రోడ్లు అలా ఉండవు. ఇంటిదారిలో ఆ ఇరుసు తన స్వభావాన్ని గుర్తుచేస్తూనే ఉండేది.

2015 మోడల్ మస్టాంగ్‌తో ఆ కథ ముగిసింది. అన్ని రకాలకూ స్వతంత్ర వెనక సస్పెన్షన్ వచ్చింది. ముందువైపు ఒక్కో చక్రానికి కిందిభాగంలో రెండు బాల్ జాయింట్లు (గుండ్రటి కీళ్లు) ఉన్న స్ట్రట్ పద్ధతిని తీసుకున్నారు, బీఎమ్‌డబ్ల్యూ దశాబ్దాలుగా వాడుతున్నది ఆ పద్ధతే. సస్పెన్షన్ చేతులను బిగించే సబ్‌ఫ్రేమ్‌ను గట్టిపరిచారు. మొదటిసారిగా కుడివైపు స్టీరింగ్‌ను కర్మాగారంలోనే బిగించడం మొదలుపెట్టారు. దాంతో 2016లో మస్టాంగ్ అధికారికంగా భారతదేశానికి కూడా వచ్చింది, ఢిల్లీ ఎక్స్-షోరూమ్ ధర 65 లక్షలు. అమెరికాలో చవక కూపేగా పుట్టిన కారు దిగుమతి సుంకాల వల్ల హైదరాబాద్‌లో శ్రీమంతుల కారు అయింది, కాబట్టి ఊళ్లోని బంధువులు చెప్పే ధరను మీ లెక్కలోకి తీసుకోకండి.

షెవర్లే ఇంకా ముందుకు వెళ్లింది. 2010 మోడల్ కమారోను ఆస్ట్రేలియాలోని హోల్డెన్ కంపెనీ రూపొందించిన వేదిక (కారు అడుగు నిర్మాణం) మీద కట్టారు. స్వతంత్ర సస్పెన్షన్ ఉన్నా కారు బరువుగా ఉండేది. 2016 మోడల్‌ను మాత్రం ఆల్ఫా వేదిక మీదికి మార్చారు. ఆల్ఫా పుట్టింది షెవర్లేలాగే జనరల్ మోటర్స్‌కు చెందిన కాడిలాక్ వారి ఏటీఎస్ కోసం, ఏటీఎస్ పుట్టింది బీఎమ్‌డబ్ల్యూ 3 సిరీస్‌ను ఎదుర్కోవడం కోసం. అంటే ఖరీదైన కారుకోసం చేసిన అడుగుభాగపు పరిశోధన తక్కువ ధర కారుకు చేరింది. పాత కమారో కన్నా 90 కిలోలు తగ్గింది, బాడీ బిగువు 28 శాతం పెరిగింది. ఆ కమారోలో వీ8 ఉన్న ఎస్ఎస్ రకాన్ని గుడ్డి మలుపుల రోడ్డు మీద నడిపితే, స్టీరింగ్ ద్వారా ముందు టైర్ల సంగతి చేతికి తెలిసే విషయంలో అప్పటి బీఎమ్‌డబ్ల్యూ ఎం4 (ఎం3కి కూపే రూపం) కన్నా మెరుగని నా స్వంత అనుభవం. 2017లో ట్రాక్ కోసం చేసిన కమారో జెడ్‌ఎల్1 1ఎల్ఈ రకం జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్‌ను 7 నిమిషాల 16.04 సెకన్లలో చుట్టివచ్చింది. శక్తి ఒక్కదానితో ఆ ట్రాక్ లొంగదు.

ఇక్కడ ఒక మాట కలపాలి. నాజూకు ఎప్పుడూ యూరప్ నుంచే వస్తుందనేది పొరపాటు. ఇనుప రేణువులు కలిపిన నూనెను షాక్ అబ్జార్బర్‌లో నింపి, విద్యుదయస్కాంతంతో దాని చిక్కదనాన్ని సెకనుకు వందలసార్లు మార్చే మాగ్నెరైడ్ పద్ధతిని అభివృద్ధి చేసింది ఒకప్పుడు జనరల్ మోటర్స్‌లో భాగమైన డెల్ఫీ. 2002 మోడల్ కాడిలాక్ సెవిల్‌లో అది మొదటిసారి వచ్చింది. తర్వాత ఫెరారీ, ఆడి తమ కార్లలో పెట్టుకున్నాయి. 2012లో కమారో జెడ్‌ఎల్1కు, 2018లో మస్టాంగ్ జీటీకి చేరింది. మీ ప్రశ్నకు ఇది ఆచరణలోనూ ముఖ్యం, చివర్లో మళ్లీ ప్రస్తావిస్తాను.

ఇంజిన్ విషయంలో అమెరికన్ల పద్ధతి వెనకబాటు అని చాలామంది అనుకుంటారు, నేను ఒప్పుకోను. కమారో ఎస్ఎస్‌లోని 6.2 లీటర్ల ఎల్‌టీ1 ఇంజిన్‌లో క్యామ్ షాఫ్ట్ ఒక్కటే, అదీ బ్లాకు లోపల. సిలిండరుకు రెండే కవాటాలు. వినడానికి పాతకాలం పద్ధతి. కానీ సిలిండర్ల తలమీద నాలుగు క్యామ్‌లు మోసే పని లేదు కనుక అది పొట్టిగా, ఇరుకుగా ఉండి, బరువు కిందికి ఉంటుంది. 455 హార్స్‌పవర్ ఇస్తూ చిన్న ఇంజిన్ కోసం చేసిన చోటులో ఇమిడిపోతుంది. మస్టాంగ్ దారి వేరు, నాలుగు క్యామ్‌లు, ముప్ఫై రెండు కవాటాలు. ఈ రెండింటిలోనూ క్రాంక్ షాఫ్ట్ అమరిక వల్ల ఒక్కో వైపు సిలిండర్లు సమాన వ్యవధిలో పేలవు, ఆ గుడగుడ శబ్దం అందుకే వస్తుంది. బీఎమ్‌డబ్ల్యూ వరుస ఆరు సిలిండర్ల ఇంజిన్ మాత్రం స్వభావసిద్ధంగా సమతూకం కలది. ఆ పట్టులాంటి తిరుగుడు ఏ వీ8కీ అదే తీరులో రాదని నిజాయితీగా ఒప్పుకోవాలి. కానీ మీ 430ఐలో ఉన్నది ఆ ఆరు సిలిండర్ల ఇంజిన్ కాదు. మీ మిత్రులు పొగుడుతున్న ఇంజిన్ కావాలంటే ఎం440ఐకి వెళ్లాలి, దాని ధర మీ అంచనాను దాటుతుంది. విశేషమేమిటంటే డాడ్జ్ కూడా ఇప్పుడు వీ8 ఛాలెంజర్‌ను ఆపేసి, కొత్త చార్జర్ కూపేలో మూడు లీటర్ల వరుస ఆరు సిలిండర్ల టర్బో ఇంజిన్ పెట్టింది.

అమెరికన్ కూపేలు నిజంగా ఓడిన చోట్లు కూడా చెప్పకపోతే ఈ సమాధానం అసంపూర్ణం. కమారోలో కిటికీలు ఎంత సన్నగా ఉంటాయంటే పక్క లేన్‌లోని కారు కనబడటం కష్టం. వెనక సీటు పేరుకే ఉంటుంది. డ్రైవింగ్‌లో మూడింటిలో అత్యుత్తమమైన ఆ కారే అమ్మకాల్లో అట్టడుగున పడి 2024 మోడల్‌తో ఆగిపోయింది. దానికి పూర్తి భిన్నంగా, ఎప్పుడో 2008లో వచ్చిన వేదిక మీద నడుస్తూ, పద్దెనిమిది వందల కిలోలు దాటిన ఛాలెంజర్ 2021లో అమెరికాలో మస్టాంగ్‌ను సైతం దాటి అమ్ముడైంది. మలుపుల్లో అది బద్ధకంగా ఉంటుంది. కానీ సీట్లు విశాలం, వెనక ఇద్దరు పెద్దవాళ్లు కూర్చోగలరు, డిక్కీ పెద్దది, దూరప్రయాణంలో కుదుపులు తెలియవు. కొనేవారు కోరుకున్న నాజూకు ఇంట్లో నలుగురికీ ఇబ్బంది లేకుండా ఉండటమే అని ఆ అంకె చెబుతోంది. నాకు కమారో అంటే ఎంతో ఇష్టం కనుక ఈ మాట రాయడానికి మనసొప్పదు, అయినా వాస్తవం అది.

భద్రత విషయంలోనూ ఒక మరక ఉంది. 2017 జనవరిలో, కార్ల భద్రతను పరీక్షించే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ పరీక్షలో మస్టాంగ్‌కు అయిదింటికి రెండే నక్షత్రాలు వచ్చాయి. గాలి సంచులు చాలినంత ఉబ్బకపోవడం, వెనక సీటు బొమ్మ బెల్టు కిందినుంచి జారడం, ప్రమాదానికి ముందు తనంతట తాను బ్రేకు వేసే వ్యవస్థ లేకపోవడం కారణాలు. మార్పులు చేశాక అదే ఏడాది మూడు నక్షత్రాలకు చేరింది. యూరప్ మార్కెట్టులోకి వెళ్లకపోయి ఉంటే ఆ లోపాలు అంత త్వరగా సరిదిద్దేవారు కాదని నా నమ్మకం. గట్టి పోటీ వల్ల జరిగిన మేలు ఇది.

అవతలివైపు విదేశీ కార్లు కూడా ఉన్నచోట లేవు. బీఎమ్‌డబ్ల్యూలు బరువెక్కాయి, స్టీరింగ్‌లో పాత స్పర్శ తగ్గింది, 2014లో వచ్చిన ఎం4లో ఇంజిన్ శబ్దాన్ని స్పీకర్లలోంచి కలిపి వినిపించేవారు. అదే పనిని ఫోర్డ్ నాలుగు సిలిండర్ల మస్టాంగ్‌లో చేసిందన్నది కూడా చెప్పాలి. 2019లో తిరిగి వచ్చిన సుప్రా ఇంజిన్, అడుగుభాగం బీఎమ్‌డబ్ల్యూవి, కట్టింది ఆస్ట్రియాలో. కాళ్లకింద మూడు పెడళ్లు, అంటే చేత్తో మార్చే గేర్లు, కావాలంటే ప్రస్తుత 4 సిరీస్‌లో ఎం4 తప్ప గతి లేదు; మస్టాంగ్ జీటీలో అది మామూలుగానే దొరుకుతుంది. రెండు పక్షాలూ ఒకదాని వైపు ఒకటి నడిచి ఎక్కడో మధ్యలో కలుసుకున్నాయి.

ఇక మీ విషయం. రోజూ నలభై మైళ్లలో ఎక్కువ భాగం ఆగి ఆగి సాగే ట్రాఫిక్ అయితే, ఫోనులో మాట్లాడుకుంటూ నిశ్శబ్దంగా వెళ్లాలనుకుంటే, 430ఐ మిమ్మల్ని తక్కువ అలసటతో ఇల్లు చేరుస్తుంది, పెట్రోలు ఖర్చూ బాగా తగ్గుతుంది. కారు మిమ్మల్ని పలకరించాలని ఉంటే జీటీ తీసుకోండి, కానీ మాగ్నెరైడ్ షాక్ అబ్జార్బర్లు ఉన్నదే తీసుకోండి. చక్రాల పెద్ద సైజులకు, చారల స్టిక్కర్లకు పెట్టే డబ్బును దానికి మళ్లించండి. అది ఉన్న జీటీకీ లేని జీటీకీ మధ్య తేడా, జీటీకీ 430ఐకీ మధ్య తేడా కన్నా ఎక్కువని నేను అనుకుంటున్నాను.

రెండింటినీ ఒకే రోజు, ఒకే దారిలో నడపండి. కాంక్రీటు ఫ్రీవే మీద డెబ్బై మైళ్ల వేగంతో పాటలు కట్టేసి వెళ్తూ, పలకల అతుకుల మీద టైరు పడే ‘దడ్’ శబ్దం ఒక్కసారి వచ్చి ఆగిపోతోందా, లేక దాని వెనక సన్నని అదురు మిగులుతోందా గమనించండి. బుష్ సంగతి అక్కడే తెలుస్తుంది. తర్వాత గతుకులున్న మలుపు ఒకటి చూసుకుని, చట్టం అనుమతించే వేగంలోనే, స్టీరింగ్‌ను వేళ్లతో మాత్రమే పట్టుకుని తిప్పండి. మీ శ్రీమతిని వెనక సీట్లో పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి ఆమె ఏమంటారో వినండి. బయలుదేరే ముందు మాత్రం డీలరును అడిగి టైర్ల గాలి కొలిపించండి. కర్మాగారం నుంచి లారీల మీద వచ్చే కార్లకు గాలి ఎక్కువ కొట్టి పంపుతారు, దాన్ని తగ్గించడం చాలాచోట్ల మరచిపోతారు. ఆ గాలితో నడిపితే రెండు కార్లూ మోటుగానే అనిపిస్తాయి.